డాక్టరు శిరోద్కరుగారి జీవిత చరిత్రము

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో పుట్టి పెరిగినవారికి చెఱువు విలువను వేఱుగ చెప్పనక్కఱలేదు. వానలు తక్కువైన యీ సీమలో చిత్రావతి నీటిని నిలుపు బుక్కపట్టణము చెఱువును, ధర్మవరము చెఱువును తరతరములుగ నెందఱకో అన్నము పెట్టినవి. చెఱువు నిండుచున్నపుడు కట్ట యెక్కడనైన బలహీనమై నీరు జాఱుట మొదలైనచో, నీరుగంటి రాత్రియనక పగలనక దానిని కనిపెట్టి యుండును. గండి పడిన పిదప విచారించి ప్రయోజనము లేదు. పడకముందే బలహీనమైన చోటెక్కడనో కనుగొని కట్టవలయును.

ఇట్టి గండి యిండ్లలోను పడుచుండును. దానిని గూర్చి యెవరును బిగ్గఱగ మాటలాడరు. కడుపుతోనున్న స్త్రీకి నొప్పి లేదు, దెబ్బ తగులలేదు, జ్వరము రాలేదు; అయినను అయిదవ నెలలోనో ఆఱవ నెలలోనో గర్భము నిలువక, బ్రదుకుటకు తగినంత ఎదుగని శిశువు పుట్టి పోవును. మరల కడుపు పండును. మరల అదే నెలలో అట్లే జరుగును. ధర్మవరములో నే నెఱిగిన యొక నేతపనివారి యింట నీ విధముగ మూడు మాఱులు జరిగినది. బంధువులు తలకొక కారణము చెప్పిరి. ఒకరు దిష్టి యనిరి. ఒకరు మ్రొక్కు చెల్లింపలేదనిరి. ఒకరు మగ్గపు గుంటలో దిగి కూర్చుండుటచేత ననిరి. తక్కినవారు ఆమె నడతనే తప్పుపట్టిరి. ఆమె మాత్ర మెవరికిని మాఱు పలుకక తల వంచుకొని యుండెను. ఇట్టి తల్లులయందు తప్పేమియు లేదనియు, లోప మంతయు శరీరములో నొక చిన్న చోట నుండవచ్చుననియు, దానిని చేతితో కట్టవచ్చుననియు లోకమునకు చూపినవారు మన దేశపు వైద్యు లొకరు. వారే డాక్టరు విఠల నాగేశ శిరోద్కరుగారు.

బడిపిల్లలు చదువు పుస్తకములో నిట్టి విషయమేల యని కొందఱు పెద్ద లనుకొనవచ్చును. మన పాఠశాలలోని బాలికలు రేపు తల్లులగుదురు. బాలురు రేపు భర్తలును, అన్నలును, ఇంటి పెద్దలు నగుదురు. తెలియనితనముచేత నొక నిర్దోషిని నిందించుటకన్న, తెలిసికొని యామెకు తోడ్పడుట మేలు. కావున నీ మహనీయుని చరిత్ర మందఱును చదువదగినదే.

శిరోద్కరుగారు 1899 వ సంవత్సరము ఏప్రిలు 27 వ తేదీన గోవాలోని శిరోడ యను గ్రామమున జన్మించిరి. ఆ కాలమున గోవా పోర్చుగీసువారి పాలనలో నుండెను. తమ యూరి పేరునే వారు ఇంటిపేరుగ పెట్టుకొనిరి. లోక మంతటను వైద్యుల నోట నేడు మెలగుచున్న పేరొక చిన్న పల్లెటూరి పేరని చాలమంది యెఱుగరు. విద్యకొఱకు వారు గోవా విడిచి హుబ్బళ్లికి వచ్చిరి. హుబ్బళ్లి మనకు దూరదేశము కాదు. మన గుంతకల్లునుండి పడమరగ పోవు రైలు చేరు పట్టణమే.

అచ్చటినుండి బొంబాయి నగరమునకు పోయి గ్రాంటు వైద్య కళాశాలలో చేరిరి. 1845 లో స్థాపితమైన ఆ కళాశాల మన దేశమునందలి పాత వైద్య కళాశాలలలో నొకటి. శిరోద్కరుగారు 1923 లో ఎం. బి. బి. యస్. పరీక్షయందును, 1927 లో ప్రసూతి వైద్యమున ఎం. డి. పరీక్షయందును కృతార్థులైరి. అంతటితో తృప్తి చెందక ఇంగ్లండునకు పోయి, 1931 లో ఎఫ్. ఆర్. సి. యస్. బిరుదమును పొంది స్వదేశమునకు మరలి వచ్చిరి. పిదప బొంబాయిలోని జంషెడ్జీ జీజీభాయి ఆసుపత్రియందు గౌరవ వైద్యులుగ పని చేసి, 1940 ప్రాంతమున తాము చదివిన కళాశాలయందే ప్రసూతి శాస్త్రమునకును, స్త్రీ వైద్యమునకును ఆచార్యులైరి.

వైద్యుని యొద్దకు వచ్చు రోగు లందఱు నొక్కటే విధముగ కనబడుదురు. కాని శ్రద్ధగ చూచువానికి వారిలో తేడాలు తెలియును. శిరోద్కరుగారు కొందఱు స్త్రీలను గూర్చి విచారించిరి. వారికి 4 మొదలు 11 పర్యాయముల వరకు గర్భము పోయి యుండెను. అది యెల్లప్పుడును నాలుగవ నెలకును ఏడవ నెలకును నడుమనే జరుగుచుండెను. ఆనాటి వైద్యులు ఇట్టివారిని మంచముపై పరుండబెట్టుచు, హార్మోనుల మందు లిచ్చుచుండిరి. శిరోద్కరుగారు చూచిన యీ స్త్రీలకు విశ్రాంతిచేతను ఫలము కలుగలేదు, మందులచేతను ఫలము కలుగలేదు. ఒకే కాలమున, ఒకే విధముగ, మరల మరల జరుగు దానికి ఒకే కారణ ముండవలయునని వారు తలంచి, దానిని వెదకిరి.

ఆ కారణమును తెలిసికొనుటకు గర్భాశయపు నిర్మాణమును కొంత యెఱుగవలయును. గర్భాశయ మొక తిత్తివంటిది. దాని క్రిందిభాగము సన్నని మెడవలె నుండును. గర్భిణిగ నున్నపుడు ఆ మెడ మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవు కలిగి, గట్టిగ మూసికొని యుండును. పైన శిశువు ఉమ్మనీటి తిత్తిలో పెరుగుచుండును. బరువు దినదినము హెచ్చుచున్నను మెడ లొంగక నిలుచును. నెలలు నిండినప్పుడు మాత్రము అది మెత్తబడి, పొట్టియై, తెఱచుకొనును. కొందఱు స్త్రీలలో నీ మెడ పుట్టుకతోనే బలహీనముగ నుండవచ్చును. మఱికొందఱిలో వెనుకటి కాన్పునందో, శస్త్రచికిత్సయందో దెబ్బ తిని యుండవచ్చును. అట్టివారికి అయిదాఱు నెలల బరువునకే మెడ నొప్పి లేకుండ విచ్చుకొనును. ఉమ్మనీటి తిత్తి క్రిందికి జాఱి పగులును. లోపము శిశువునందు లేదు. తల్లి నడతయందును లేదు. కట్ట యొకచోట పలుచనైనది, అంతియే.

1950 లో అమెరికాలో లాష్ అను పేరుగల వైద్యులిరువురు ఈ మెడను గర్భము లేనప్పుడు సరిచేయు పద్ధతిని ప్రకటించిరి. శిరోద్కరుగారు గర్భము నిలిచి యుండగనే మెడను కట్టు మార్గమును కనిపెట్టిరి. రోగి తొడయందలి కండరములపై నుండు గట్టి పొరనుండి సన్నని పట్టీ నొకదానిని తీసికొని, మూత్రాశయమును కొంచెము పైకి జరిపి, గర్భాశయపు మెడ పైభాగమున, లోపలి ద్వారము దాపున, చర్మము క్రిందుగ ఆ పట్టీని చుట్టి ముడి వేసిరి. రోగి శరీరమునుండియే తీసిన పట్టీ గనుక శరీరము దానిని తోసివేయదు. తరువాతి కాలమున వైద్యులు పట్టీకి మాఱుగ గట్టి దారమును, నేసిన నాడాను వాడసాగిరి. ధర్మవరమున పట్టునూలు విలువ తెలిసినవారికి, ఒక్క పోగు బిగువుమీద నెంత బరువు నిలుచునో చెప్పనక్కఱలేదు.

ఈ క్రొత్త పద్ధతిని గూర్చి వారు వ్రాసిన వ్యాసము 1955 లో ప్రకటితమైనది. అది లండనునందో న్యూయార్కునందో గాక, మన మద్రాసునుండి వెలువడుచుండిన యాంటిసెప్టిక్ అను వైద్య పత్రికయం దచ్చుపడినది. మద్రాసు పత్రికలోని ఆ వ్యాసమును సముద్రముల కావలి వైద్యులు చదివి, ఆ శస్త్రచికిత్సను తమ ఆసుపత్రులలో చేయసాగిరి. దానికి శిరోద్కరు కుట్టు అను పేరు స్థిరపడినది. 1957 లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను నగరపు వైద్యులు మెక్డొనాల్డుగారు ఇంతకన్న సులభమైన పద్ధతి నొకదానిని తెలిపిరి. అందు లోపలికి కోయ పనిలేదు. వక్కాకు తిత్తి నోటిని దారముతో బిగించునట్లు మెడ చుట్టును కుట్టి లాగి ముడి వేయుటయే. నేడు రెండు పద్ధతులును వాడుకలో నున్నవి. నెలలు నిండవచ్చినపుడు, సామాన్యముగ 36, 37 వారములలో, మెక్డొనాల్డు కుట్టును విప్పివేయుదురు.

శిరోద్కరుగారు ఈ యొక్క పనితో నిలువలేదు. గర్భాశయము జాఱిన స్త్రీలకు దానిని తీసివేయక పైకి కట్టి నిలుపు శస్త్రచికిత్సను రూపొందించిరి. గర్భనాళములు మూసికొనిపోయి సంతానము లేనివారికి వానిని తెఱచు పనియందును విశేష కృషి చేసిరి. బిడ్డలు కావలసినవారికి బిడ్డలు కలుగుటయు, వద్దనుకొనువారికి భారము తప్పుటయు రెండును స్త్రీ క్షేమమునకే యని యెంచి, 1949 లో ఏర్పడిన భారత కుటుంబ నియంత్రణ సంఘ స్థాపకులలో నొకరైరి. తమ అనుభవములనన్నిటిని గ్రంథముగ కూర్చగా, అది 1960 లో ఎడింబరోలో వెలువడెను. ఆ సంవత్సరమే భారత ప్రభుత్వమువారు పద్మభూషణ బిరుదమునిచ్చి వారిని సత్కరించిరి. 1971 లో పద్మవిభూషణ బిరుదమును లభించెను. అదే సంవత్సరము మార్చి 7 వ తేదీన వారు పరలోకగతులైరి.

గొప్పవాని పని వానితో ముగియదు. తరువాతివారు దానిని పరీక్షింపవలయును. ఏ స్త్రీకి కుట్టు వేయవలయును, ఎవరికి అక్కఱలేదు అను ప్రశ్న శిరోద్కరుగారి పిమ్మట మిగిలెను. దీనికై ఇంగ్లండు వైద్యులు కొన్ని యితర దేశములవారితో కలిసి, కుట్టు అవసరమా కాదా యని సందేహము కలిగిన 1292 మంది గర్భిణులను రెండు భాగములు చేసి, ఒక భాగమునకు కుట్టు వేసి, ఒక భాగమునకు వేయక చూచిరి. ఫలితము 1993 లో ప్రకటింపబడెను. 33 వారములు నిండకముందే కాన్పు అయినవారు కుట్టు వేసినవారిలో నూటికి 13 మంది; వేయనివారిలో నూటికి 17 మంది. అనగా సుమారు 25 మందికి కుట్టు వేసినచో ఒక్కరికి మేలు కలిగినది. కాని మూడు పర్యాయములో, అంతకు మించియో నెలలు నిండక కాన్పులైనవారిని ప్రత్యేకముగ చూచినపుడు, ఆ లెక్కలు 15 కును, 32 కును వచ్చినవి. దీనినిబట్టి కుట్టు అందఱికిని కాదనియు, తగినవారిని ఎంచుటయే ముఖ్యమనియు తేలినది.

పైన చెప్పినది ముందుగ యోచించి వేయు కుట్టు. అత్యవసరముగ వేయు కుట్టు మఱియొకటి గలదు. నాలుగవ నెలకును ఆఱవ నెలకును నడుమ, పరీక్షించి చూచునప్పటికే మెడ తెఱచుకొని, ఉమ్మనీటి తిత్తి బయటికి కనబడుచుండును. ఇది గండి పడనారంభించిన కట్టకు ఇసుక మూటలు వేయుటవంటిది. తిత్తిని మెల్లగ లోనికి తోసి కుట్టవలయును. తోయుటలో అది పగులవచ్చును. 2003 లో నెదర్లాండ్సు వైద్యులు ఇట్టి 23 మంది స్త్రీల విషయమును ప్రకటించిరి. 13 మందికి కుట్టు వేసి ఒక మందును ఇచ్చిరి. 10 మందిని విశ్రాంతిలో నుంచిరి. కుట్టు వేసినవారికి సగటున 54 దినములును, వేయనివారికి 20 దినములును గర్భము నిలిచినది. లోపల శిశువు గడుపు ఒక్కొక్క వారమును దాని ఊపిరితిత్తులకు బలము. కాని కుట్టు వేసిన 13 మందిలో 7 గురికి 34 వారములకు ముందే కాన్పు అయినది. వేయని పదిమందికిని అట్లే అయినది. కుట్టు మేలు చేసినది. భయమును పూర్తిగ తొలగింపలేదు.

కావుననే నేటి వైద్యులు కుట్టు వేయుటతో పని ముగిసినదని యూరకుండరు. కుట్టిన పిమ్మట నెలలు నిండక కాన్పగు అపాయ మెవరికెంత యని ముందుగ అంచనా వేయ ప్రయత్నించుచున్నారు. నీరుగంటి కట్టమీద నిలిచి, గండి ఎంత వెడల్పు, నీరెంత ఎత్తు, పైనుండి వచ్చు వఱద ఎంత యని చూచునట్లే, వీరును కొన్ని గుర్తులను చూచుదురు. మెడ ఎంత తెఱచుకొని యున్నది? ఉమ్మనీటి తిత్తి ద్వారమును దాటి క్రిందికి దిగినదా? కుట్టునాటికి ఎన్ని వారములు నిండినవి? నొప్పులును రక్తస్రావమును ఉన్నవా? జ్వరమో, రక్తపరీక్షలో తెల్లకణముల హెచ్చుదలయో ఉండి, లోపల చీము పట్టు సూచన కనబడుచున్నదా? వెనుక ఇట్టి కాన్పులైనవా? కడుపులో నున్నది ఒక శిశువా, కవలలా? కుట్టిన తరువాత స్కానింగులో మెడ ఎంత పొడవు మిగిలినది? ఒక్కొక్క గుర్తునకు కొన్ని మార్కులు వేసి, వానిని కూడి, ఈమెకు నూటికి ఇంత అపాయ మని చెప్పు పట్టికలను కొందఱు వైద్యులు తయారుచేసిరి.

మెడ పొడవును కొలుచుట యెంత విలువైనదో 1996 లో అమెరికాలో 2915 మంది గర్భిణులను పరీక్షించి తెలిసికొనిరి. 24 వారములనాటికి మెడ సగటున 35 మిల్లీమీటర్లు ఉండెను. అది ఎంత పొట్టియైన, ముందుగ కాన్పగు అపాయ మంత హెచ్చెను. ఇక పైన చెప్పిన పట్టికలను గూర్చి ఒక హెచ్చరిక అవసరము. వానిలో చాల భాగము ఒకటి రెండు ఆసుపత్రులలో చికిత్స పొందిన కొలదిమంది స్త్రీల లెక్కలనుండి పుట్టినవి. ఒక చెఱువుకట్టపై నేర్చిన లెక్క వేఱొక చెఱువునకు సరిపోవునో లేదో అచ్చట నిలిచి చూడవలయును గదా! అంచనా అనునది జోస్యము కాదు. నూటికి అరువది మందికి ముందుగ కాన్పగునని చెప్పినచో, నలువది మందికి కాదనియు అర్థమే.

అంచనాకు మఱియొక ప్రయోజనము గలదు. ఎప్పుడు కుట్టరాదో అదియు చెప్పును. లోపల చీము పట్టినపుడు కుట్టినచో శిశువుతోపాటు తల్లి ప్రాణమునకే మోసము. ధర్మవరములోని ఆ నేతపనివారి యింట నాలుగవ మాఱు కడుపు పండినపుడు, అయిదవ నెలలో క్రిందిభాగమున బరువుగ నున్నదని ఆమె చెప్పగా, భర్త రైలులో బెంగుళూరునకు తీసికొనిపోయెను. వైద్యురాలు పరీక్షించి, మెడ తెఱచుకొన్నదనియు, జ్వరమును, రక్తములో చెడు గుర్తులును ఉన్నవి గనుక కుట్టుట తగదనియు చెప్పెను. ఆ శిశువు దక్కలేదు. వైద్యురాలు కఠినురాలని బంధువులు కొందఱు దూషించిరి. కాని ఆమె ఆ దంపతులను కూర్చుండబెట్టి, జరిగినదానిలో వారి తప్పేమియు లేదనియు, మరల గర్భము నిలిచినచో అయిదవ నెలదాక ఆగక మూడవ నెల దాటగనే రావలయుననియు బోధించెను. ఎవరో ఒకరు తప్పు తమది కాదని చెప్పుట ఆ యిల్లాలికి అదియే మొదటి మాఱు.

అయిదవ మాఱు వారు ఆ మాట తప్పలేదు. 13 వ వారమున, మెడ ఇంకను గట్టిగ మూసికొని యుండగనే, కుట్టు వేసిరి. అప్పుడును వైద్యురాలు అభయ మీయలేదు. ఆశ హెచ్చని మాత్రము తెలిపెను. నెలనెలకును స్కానింగు చేసి మెడ పొడవును కొలిచిరి. తొమ్మిదవ నెలలో కుట్టు విప్పిరి. పది దినములకు ఆడపిల్ల పుట్టెను. ఆ పిల్ల యిపుడు బడికి పోవుచున్నది. ఆమెకుగాని, ఆమె తల్లికిగాని శిరోద్కరుగారి పేరు తెలియదు. తెలియవలయునను కోరికతోనే నేనీ వ్యాసము వ్రాసితిని.

ప్రపంచమున 2020 లో సుమారు 1 కోటి 34 లక్షల శిశువులు నెలలు నిండక పుట్టిరి. అనగా పదిమందిలో నొకరు. వీరిలో మెడ బలహీనతచేత పుట్టినవారు ఒక భాగము మాత్రమే. తక్కిన కారణము లనేకములు గలవు. అన్నిటికిని కుట్టు మందు కాదు. అయినను, శిరోద్కరుగారు తమ యెదుట నున్న కొందఱు స్త్రీలను శ్రద్ధగ చూచి, ఏ నెలలో, ఎన్ని మాఱులు, ఏ విధముగ అని లెక్కించి, ఒక్క కారణమును పట్టుకొనిరి. లోకము విధి యనుచుండినదానిని వారు కొలిచి చూచిరి.

బాలబాలికలారా! మీలో నెవరైన వైద్యులైనచో సంతోషమే. కాకున్నను, మీ యింటనో, ప్రక్కయింటనో ఇట్టి దుఃఖము వచ్చినపుడు ఆ తల్లిని నిందింపకుడు. వెనుక నే నెలలో ఏమి జరిగినదో కాగితముపై వ్రాసికొని, గర్భము నిలిచిన తొలి నెలలలోనే ఆమెను వైద్యుని యొద్దకు పంపుడు. కడుపులో బరువు, నీరు జాఱుట, రక్తము కనబడుట ఇట్టివి ఏ గుర్తు కనబడినను మఱునాటి వరకు ఆగవలదని చెప్పుడు. నీరుగంటి తెల్లవాఱునని నిదురపోయిన రాత్రియే కట్ట తెగును.